మడతలమ్మ సన్నపెట్టె

"...అని నువ్వంటే సరిపోతుందా? వాడేది నేను. అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. కళ్ళజోడు పెట్టుకున్నా ఆనడం లేదు."

"అయితే కళ్ళజోడు మార్చుకో వదినా. పాత పెట్టె మీద ఎంత ఉన్నాయో దీని మీదా అంతే ఉన్నాయి. నేనే కొలిచాను."

"కొలిచేది నువ్వు. చదివేది నేను."

"పెట్టె సన్నబడింది కదా, దాంతోపాటు అక్షరాలూ సన్నబడ్డాయని నీకు అనిపిస్తోంది."

"అనిపించడానికి నేనేం పాలుతాగే పిల్లనా?"

వంటింట్లోంచి వస్తున్న ఈ మాటలు ముందుగదిలో టేబుల్ ఫ్యాను విప్పుకుని కూర్చున్న అన్నగారికి అక్షరం పొల్లుపోకుండా వినిపిస్తున్నాయి. ఆయన బస్సు నడిపి రిటైరైన మనిషి. వెనక సీట్లలో ఎంత రభస జరుగుతున్నా రోడ్డు మీంచి చూపు తిప్పకపోవడం ఉద్యోగంలో నేర్చుకున్నాడు. ఇప్పుడూ ఫ్యాను మీంచి చూపు తిప్పలేదు. గొంతు మాత్రం కొంచెం పెంచాడు.

"ఏమోయ్, ఆ టీ గ్లాసులో పోసి ఇస్తారా, పెట్టెలో పెట్టి ఇస్తారా?"

"మీరు ఊరుకోండి."

"నువ్వు ఊరుకో అన్నయ్యా."

రెండు గొంతులూ ఒకేసారి వచ్చాయి. ఆయన తృప్తిగా తల ఊపి, ఫ్యాను రెక్కల మధ్య దుమ్ము ఊదుకున్నాడు.

తగవంతా వంటింటి బల్ల మీదున్న ఒక అట్టపెట్టె గురించి. అరచేతిలో పట్టేంత పెట్టె. అందులో చిన్నపిల్లలకు వేసే టీకామందు సీసాలు పది పడతాయి. వదిన ఆరోగ్యకేంద్రంలో నర్సు. ఆ సీసాల్లో మందు పిల్లల తొడలకు ఎక్కించడం ఆవిడ పని. మరదలు టీకాల కంపెనీలో ప్యాకింగ్ విభాగానికి పెద్ద. ఆ పెట్టె ఆవిడ చేతి చలవ. కొత్త పెట్టెను ముందుగా కొన్ని కేంద్రాలకు పంపి వాడి చూడమన్నారు. వాటిలో వదినగారి కేంద్రం కూడా ఉంది. అందువల్ల ఇద్దరూ ఎదురుపడ్డప్పుడల్లా క్షేమసమాచారాల కంటే ముందు పెట్టె సమాచారం వస్తోంది.

"సరే, మాటలెందుకు. ఈసారి నువ్వు టీకాలు వెయ్యడానికి ఇటుక బట్టీల దగ్గరికి వెళ్ళే రోజు నేనూ వస్తాను" అంది మరదలు.

"ఎందుకు, నా కళ్ళు పరీక్ష చెయ్యడానికా? పనిచేసే చోటికి చుట్టాలొస్తే పని జరగదు."

"చుట్టంలా రాను. ఓ మూల కూర్చుంటాను."

"నువ్వు మూల కూర్చునే రకమే" అని వదిన గ్లాసులు చప్పుడయ్యేలా ట్రేలో పెట్టింది. రావద్దని మాత్రం అనలేదు.

మరదలికి మడతలమ్మ అని పేరు పెట్టింది కూడా వదినే. పెళ్ళయి కొత్తగా ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పుడు, తన వయసే ఉన్న ఆడపడుచు బస్సు టిక్కెట్టు, మందుల చీటీ, బిస్కెట్ కాగితం, ఏది చేతికి దొరికితే దాన్ని మడిచి చిన్న చిన్న పెట్టెలు చేసి కిటికీలో పెట్టడం చూసి, "మీ చెల్లెలికి చెయ్యి ఊరుకోదా?" అని మొగుణ్ణి అడిగిందట. ఆ పేరు ఇంట్లోంచి వీధికి, వీధిలోంచి కంపెనీకి పాకింది. ఎదురుగా మేడం అన్నవాళ్ళు కూడా పక్కకు తిరిగి మడతలమ్మ అనే అంటారు. ఆవిడకది తెలుసు. ఓసారి లిఫ్టులో ఎవరో నోరుజారి "మడతలమ్మ మేడం" అంటే, "రెండూ కలిపితే మరీ పొడుగైపోతుంది, ఒకటి తీసెయ్యండి" అంది.

వాళ్ళ నాన్నకు ఇంటి కింది భాగంలో చెప్పుల డబ్బాలు చేసే చిన్న కార్ఖానా ఉండేది. పొద్దున లేస్తే జిగురు ఉడుకుతున్న వాసన. అన్నకు ఆ వాసన పడక వీధిలోకి పారిపోయేవాడు. చెల్లెలు బడి నుంచి రాగానే అక్కడే కూర్చునేది. అట్టకి నార ఉంటుందని, నార వెంట మడిస్తే మాట వింటుందని, అడ్డంగా మడిస్తే ఎదురుతిరుగుతుందని తండ్రి చెప్పాడు. "నీకు మల్లేనే" అని కూడా అన్నాడు. ఆ తర్వాత ఆమె ప్రింటింగ్ చదివింది, అట్టల శాస్త్రం చదివింది, సబ్బుల కంపెనీలో చేరింది. పెళ్ళి మాట ఎత్తినవాళ్ళకు చూద్దాం అంటూ వచ్చింది. చూడటంలోనే వయసు దాటింది. "పెళ్ళిని కూడా నాలుగు మడతలు పెట్టి బీరువాలో దాచేసింది" అని అన్నగారు జోకు వేస్తే ఆవిడే ముందు నవ్వుతుంది. అన్న ఇంటికి ఎదురు వరసలో, రెండు గదుల వాటాలో ఉంటుంది.

సబ్బుల కంపెనీలో గాలి అమ్మడం ఉద్యోగం. సబ్బు చిన్నదైనా షాపులో పెట్టె పెద్దగా కనపడాలి. ఆ పని బాగానే చేసింది గాని ఏనాడూ ఇష్టపడలేదు. టీకాల కంపెనీకి మారాక పని తల్లకిందులైంది. ఇక్కడ గాలి తీసెయ్యాలి. కంపెనీ టీకాలు ఎక్కువగా పోయేది బీద దేశాలకు. సొంత దేశం కూడా ఆ కోవలోదే. ఆ దేశాల్లో ఒక ఆరోగ్యకేంద్రానికి ఒక్క ఫ్రిజ్ ఉంటుంది. కరెంటు ఉన్నప్పుడు కరెంటుతో, లేనప్పుడు ఎండతో నడుస్తుంది. ఆ ఒక్క ఫ్రిజ్‌లోనే అన్ని రకాల టీకాలూ సర్దుకోవాలి. అందులో పెట్టెలు పట్టకపోతే టీకా రాదు. టీకా రాకపోతే బిడ్డనెత్తుకుని వచ్చిన తల్లి వట్టిచేతుల్తో వెనక్కి పోతుంది. కాబట్టి పెట్టెలో గాలి ఉండటమంటే ఒకరి చోటు ఇంకొకరు ఆక్రమించుకోవడమే అని ఆవిడ కొత్తగా చేరినవాళ్ళకు చెబుతుంది.

పాత పెట్టెలో సీసాలు ఒకదానికొకటి తగలకుండా మధ్యలో గళ్ళ అట్ట ఉండేది. పది గళ్ళు, గడికో సీసా. ఆ గళ్ళు తినే చోటు మీద ఆవిడ కన్ను చాలాకాలంగా ఉంది. చివరికి సీసాలను తేనెపట్టు అరల్లా ఒక వరస సందుల్లోకి ఇంకో వరస వచ్చేలా అమర్చి, గళ్ళ అట్టను పూర్తిగా తీసేసింది. లోపల పెట్టే కాగితాన్ని కూడా తీసేసి ఆ రాత పెట్టె లోపలి గోడ మీదే అచ్చువేయించింది. పెట్టెను ఎత్తు నుంచి పడేశారు, యంత్రం మీద పెట్టి కుదిపారు, లారీలో గతుకుల రోడ్డు మీద తిప్పారు. ఒక్క సీసా పగల్లేదు. ఫ్రిజ్‌లో పాతవాటికి ఒకటిన్నర రెట్లు పట్టాయి. టీకాలు కొనే సంస్థవాళ్ళు పెట్టెను చేతిలో తిప్పి తిప్పి చూసి, ఇలాంటిది మాకు ఇంతకుముందే ఎందుకు చూపించలేదన్నారు. వాడి చూసిన కేంద్రాల్లోనూ అందరూ బాగుందనే అన్నారు, వదిన తప్ప. వదిన అభ్యంతరం అక్షరాల గురించి. మిగతా విషయాల్లో ఆవిడకూ ఫిర్యాదు లేదు.

ఇక మిగిలింది ప్యాకింగ్ విభాగం సంతకం, అంటే ఆవిడదే. అది పడితే పెద్ద ఎత్తున అచ్చు మొదలవుతుంది. ఏడాది చివర ఆవిడ ఉద్యోగ విరమణ. అంతకు ముందే ఈ పెట్టెలు కంపెనీ గేటు దాటి వెళ్ళడం కళ్ళతో చూడాలని ఆవిడ కోరిక. నోరు తెరిచి ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోయినా ఆఫీసులో అందరికీ తెలుసు. ఎన్నో పెట్టెలు చేసింది గాని, ఇది నాది అని లోపల అనుకున్నది దీన్నొక్కదాన్నే.

ఇటుక బట్టీల పక్కన వదిన టీకాలు వేసే చోటు ఒక రేకుల గది. ఒక బల్ల, రెండు బెంచీలు, కిటికీకి ఒకే రెక్క. వదిన వచ్చేసరికే తల్లులు బెంచీల మీద సర్దుకుని ఉన్నారు. చోటు చాలనివాళ్ళు గుమ్మంలో నిలబడ్డారు. మరదలు మాట ప్రకారం మూలనే కూర్చుంది.

వదిన భుజానికున్న చల్లపెట్టెను బల్ల మీద దించింది. నీలం ప్లాస్టిక్‌ది. వాళ్ళు క్యారియర్ అంటారు. లోపల నాలుగు పక్కలా ఐస్‌ప్యాకులు, మధ్యలో సీసాల పెట్టె, పైన మూతలా ఒక స్పాంజి. స్పాంజికి చిన్న చిన్న కోతలుంటాయి. వాడుతున్న సీసాను ఆ కోతలో గుచ్చితే పైకి కనిపిస్తూ, చల్లగా ఉంటుంది.

"ఎవరిది ముందు? ఏడవకముందే తీసుకురండి. ఏడుపు మొదలైతే అంటువ్యాధి, అందరికీ పాకుతుంది" అంది వదిన.

తల్లులు నవ్వారు. ఆవిడ చేతులు చకచకా కదులుతున్నాయి. సన్నపెట్టె చెవి లాగి ఒక సీసా బయటికి తీసింది. తేదీని కిటికీ వెలుతురులో పెట్టి చదివి, మరదలివైపు ఓ చూపు చూసింది. ఇద్దరు పిల్లలకు వేసి, సీసాను స్పాంజిలో గుచ్చింది. అంతలో గుమ్మంలో ఒక తల్లి, పోయినసారి సూదికి పిల్లకు జ్వరం వచ్చిందని, ఈసారి వేయించనని అడ్డం తిరిగింది. వదిన లేచి వెళ్ళింది.

"జ్వరం వస్తే వచ్చింది, పోయిందా లేదా?"

"పోయింది గానీ రాత్రంతా నిద్దర్లేదమ్మా."

"నీకా, దానికా?"

"నాకే."

"మరి సూది నీకు వెయ్యట్లేదు కదా."

ఆ తల్లిని ఒప్పించడానికి చాలాసేపు పట్టింది. మరదలు వాళ్ళవైపు చూడటం లేదు. స్పాంజి వైపు చూస్తోంది. గుచ్చిన సీసా అక్కడ లేదు.

వదిన తిరిగివచ్చి, సీసా కనపడకపోవడం ఏ మాత్రం వింత కానట్టు, స్పాంజి ఎత్తి, రెండు వేళ్ళు లోపలికి పోనిచ్చి, అడుగున ఐస్‌ప్యాకుకు ఆనుకుని పడున్న సీసాను పైకి తీసింది. దాని ఒంటి మీద తెల్లగా మంచు పొడి.

"వదినా, ఆగు" అంది మరదలు.

"ఏమైంది?"

"అది ఎప్పుడూ అలాగే జారుతుందా?"

"స్పాంజి పాతబడింది. కోతలు సాగిపోయాయి. అన్ని కేంద్రాల్లోనూ అంతే. కొత్తది అడిగితే వచ్చేసరికి నేను రిటైరైపోతాను."

"ఇదివరకు కూడా జారేదా?"

"ఇదివరకు ఎందుకు జారుతుంది, గళ్ళ అట్ట ఉండేదిగా. అది తీసి స్పాంజి మీద పెట్టేదాన్ని. సీసా గడిలో కూర్చునేది." వదిన సీసా తుడవబోతూ, మరదలి మొహం చూసి ఆగిపోయింది. "ఎందుకలా చూస్తావు?"

"ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? అది ఖాళీ పెట్టెలో మిగిలే చెత్త. చెత్త తగ్గిందని ఎవరైనా గోల పెడతారా?"

"గళ్ళ అట్ట ఒక్క నువ్వే వాడేదానివా?"

"నాకు చూపించింది నా ముందున్న నర్సమ్మ. ఆవిడకెవరు చూపించారో."

మరదలు సన్నపెట్టెను చేతిలోకి తీసుకుంది. కంపెనీలో పెట్టెను ఎన్ని రకాలుగా పరీక్షించినా, ఆ పరీక్షలన్నీ పెట్టె తెరవడంతో ముగిసిపోయాయి. తెరిచాక పెట్టెకు ఏ పనీ లేదని కంపెనీ అనుకుంది. తెరిచాక మిగిలింది ఎవరూ కావాలని ఇచ్చింది కాదని నర్సులు అనుకున్నారు. రెండు వైపులా ఎవరూ అబద్ధం చెప్పలేదు.

"ఐస్‌ప్యాకులు చెమట పట్టాయా పొద్దున?" అని అడిగింది.

ఫ్రిజ్‌లోంచి తీసిన ఐస్‌ప్యాకును కాసేపు బయట పెట్టి, పైన నీళ్ళు కారడం మొదలయ్యాకే క్యారియర్‌లో పెట్టాలి. గట్టిగా గడ్డకట్టిన ప్యాకును నేరుగా పెడితే దానికి తగిలిన మందు కూడా గడ్డకడుతుంది. కొన్ని టీకాలకు వేడి ఎంత చెరుపో, గడ్డకట్టడం కూడా అంతే చెరుపు.

వదిన ఐస్‌ప్యాకును వేలితో తాకి చూసింది. "ఇవాళ బండి తొందరగా వచ్చేసింది" అంది. "సరిగ్గా పట్టలేదు."

ఆ తర్వాత ఆవిడకు ఎవరూ ఏమీ చెప్పాల్సిన అవసరం రాలేదు. క్యారియర్ లోంచి తెరవని సీసా ఒకటి తీసి, జారిన సీసాను గుప్పిట్లో కరగనిచ్చి, రెంటినీ కలిపి కుదిపి కిటికీ గట్టు మీద పక్కపక్కన నిలబెట్టింది. మంచి మందు నీళ్ళపాలలా చాలాసేపు అలాగే ఉంటుంది. గడ్డకట్టి కరిగిన మందులో తెల్లటి నలక గబగబా అడుక్కి దిగుతుంది. తల్లులు కూడా మెడలు చాచి చూస్తున్నారు. ఎడమపక్క, తెరవని సీసా తెల్లగానే ఉంది. కుడిపక్క, జారిన దానిలో పైభాగం తేటపడటం మొదలైంది.

వదిన ఆ సీసాను విడిగా చుట్టి సంచీలో వేసింది. ఐస్‌ప్యాకులు బయటికి తీసి ఎండలో పెట్టింది. "కాసేపు కూర్చోండమ్మా, మందు మరీ చల్లగా ఉంది. పిల్లలు జివ్వుమంటారు" అని తల్లులకు చెప్పింది. తర్వాత మరదలి పక్కన వచ్చి కూర్చుని, మెల్లగా, "ఇవాళ్టి ఇద్దరికీ జారకముందే వేశాను. కానీ పోయిన వారం కూడా జారింది. అంతకు ముందు వారం కూడా. తుడిచి వాడాను" అంది.

"అప్పుడు ప్యాకులు?"

"చెమట పట్టాయనే అనుకుంటున్నా."

"అనుకుంటున్నావా, పట్టాయా?"

"అదే చెప్పలేకుండా ఉన్నాను."

ఆ సాయంత్రం వదిన తన కేంద్రం డాక్టరుతో మాట్లాడి వచ్చింది. కొత్త పెట్టె వచ్చిన దగ్గర్నుంచీ బట్టీల దగ్గర టీకా వేయించుకున్న పిల్లలందరికీ మళ్ళీ వెయ్యాలని నిర్ణయమైంది. మళ్ళీ వేస్తే నష్టం లేదు. కానీ మళ్ళీ ఎందుకని ప్రతి గుమ్మంలోనూ అడుగుతారు. అన్నగారు మోటారుసైకిల్ తీశాడు. "ఎక్కు. బస్సు కాదు గానీ, టిక్కెట్టు అడగను" అన్నాడు. వదిన టీకా రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చుంది.

మడతలమ్మ తన వాటాలో బల్ల ముందు కూర్చుని ఖాళీ సన్నపెట్టెలు విప్పి పరిచింది. విప్పితే ప్రతి పెట్టే ఒకే పలక అట్ట. దానిలో ఏ భాగం ఏ పని చేస్తుందో ఆవిడకు కంఠతా వచ్చు. గళ్ళ అట్ట మళ్ళీ లోపల పెడితే పెట్టె మళ్ళీ లావెక్కుతుంది. అది కుదరదు. పెట్టెకు బయట ఏదీ కలపకూడదు, లోపల ఏదీ చేర్చకూడదు. ఉన్న అట్టలోంచే గళ్ళు పుట్టాలి.

మూత కింద లోపలికి దోపే చెవి ఒకటుంటుంది. పెట్టె మూసి ఉంచడం తప్ప దానికి వేరే పని లేదు. ఆవిడ దాన్ని కొంచెం పొడిగించి, రెండు మడత గీతలు పెట్టి, మధ్యలో నక్షత్రంలా కోతలు కోసింది. మూసి ఉన్నప్పుడు అది మూతకు అంటుకుని ఉంటుంది, వెంట్రుకవాసి చోటు కూడా తినదు. తెరిచి వెనక్కి మడిస్తే కాళ్ళున్న చిన్న పీట అవుతుంది. నక్షత్రం మధ్య సీసా గుచ్చితే కోతల మొనలు చుట్టూ పట్టుకుంటాయి. స్పాంజి కోత ఎంత సాగినా సీసా కిందికి జారదు.

మర్నాడు దాన్ని పట్టుకుని డై మేస్త్రి దగ్గరికి వెళ్ళింది. అట్టను కోసే అచ్చును డై అంటారు. ప్లైవుడ్ పలకలో సన్నని ఉక్కు పట్టీలు వంచి బిగిస్తాడు మేస్త్రి. ఆవిడ పెట్టెలన్నిటికీ డై కట్టింది ఆయనే. నమూనాను కళ్ళ దగ్గర పెట్టుకుని చూసి బల్ల మీద పెట్టేశాడు.

"మేడం, మీరు కాగితం కోస్తే అది ఊరుకుంటుంది. నేను ఉక్కు వంచాలి. ఇంత చిన్న నక్షత్రానికి పట్టీ విరుగుతుంది. గుండ్రంగా పెట్టుకుందాం."

"గుండ్రమైతే ఒకే సైజు సీసాని పట్టుకుంటుంది. రేపు సీసా మారితే?"

"రేపటి సంగతి రేపు."

"సబ్బులవాళ్ళకి చెప్పండి ఆ మాట. ఒక్క పట్టీని ఆరుసార్లు వంచొద్దు. మూడు పట్టీలు ఒకదాని మీద ఒకటి దాటేలా కోసి అమర్చండి."

మేస్త్రి గడ్డం గోక్కున్నాడు. "దాటే చోట గాడి పెట్టాలి."

"పెట్టండి."

"పెడతాను గానీ, ఇది కుదిరితే నేను చెప్పాననుకోవాలి."

"కుదరకపోతే?"

"మీరు చెప్పారనుకుంటారు."

కుదిరింది. మొదట చేసిన పీట తడికి మెత్తబడి కూలిపోయింది. అట్టకు తడి పీల్చని పూత వేయించి మళ్ళీ కోశారు. మడత గీత నార వెంట వచ్చేలా అట్ట పలక మీద పెట్టె నమూనాను అడ్డం తిప్పింది. ఈసారి నిలబడింది. ఆవిడ దాన్ని సంచీలో వేసుకుని తిన్నగా వదిన వంటింటికి వెళ్ళింది.

వదిన పెట్టెను తీసుకుంది. కుళాయి కింద చేతులు తడుపుకుని, తడి చేతుల్తోనే తెరిచింది. పీటను క్యారియర్ మీద పెట్టి సీసా గుచ్చింది. పైన గ్లాసుడు నీళ్ళు పోసింది. క్యారియర్ పట్టుకుని గట్టిగా అటూ ఇటూ ఊపింది. సీసా కదల్లేదు. భర్తను పిలిచి, "మీ బస్సులో ఎలా ఊగేదో అలా ఊపండి" అంది. ఆయన ఊపాడు. అప్పుడూ కదల్లేదు.

"ఎలా ఉంది వదినా?"

"అక్షరాలు అలాగే ఉన్నాయి" అంది వదిన. సీసాను బయటికి లాగి మళ్ళీ గుచ్చి, "ఒంటి చేత్తో పెట్టొచ్చు, పిల్లాణ్ణి వదలకుండా" అంది. ఇన్నేళ్ళ పరిచయంలో అంతకు మించిన మెప్పు మడతలమ్మ ఆవిడ నోట వినలేదు.

సంతకం పెట్టాల్సిన సమావేశం కంపెనీ పై అంతస్తులో జరిగింది. పొడవాటి బల్ల, దాని మీద వరసగా సన్నపెట్టెలు. డైరెక్టరు మడతలమ్మ కంటే చిన్నవాడు, చురుకైనవాడు, మాట తూలనివాడు. సీసాలు జారుతున్న సంగతి ఆవిడ ముందే వివరంగా చెప్పింది. ఆయన నమ్మాడు. తను కూడా రెండు కేంద్రాలకు మనుషుల్ని పంపి కనుక్కున్నాడు. అక్కడా గళ్ళ అట్టను అలాగే వాడేవాళ్ళని తేలింది.

"మేడం, మీ పీట పెట్టె అద్భుతంగా ఉంది. అందులో రెండో మాట లేదు" అన్నాడు. "కానీ మూత మారింది, పూత మారింది. అనుమతులు మళ్ళీ తీసుకోవాలి, పరీక్షలు మళ్ళీ చెయ్యాలి. ఎంత పరిగెత్తినా ఏడాది దాటుతుంది. ఈలోపు సన్నపెట్టెను పంపుదాం. 'సీసాను ఐస్‌ప్యాకుకు తగలనీయవద్దు' అని పైన ఎర్రగా అచ్చువేద్దాం."

"ఆ మాట ఐస్‌ప్యాక్ మీద ఇప్పటికే ఉంది సార్. మా వదిన ఆ పాఠం కొత్తవాళ్ళకి చెబుతుంది కూడా. అయినా జారింది."

"పోనీ, గళ్ళ అట్టలు విడిగా పంపుదాం."

"విడిగా పంపింది విడిగానే ఉండిపోతుంది. గోడౌన్‌లో ఒక చోట, మందు ఇంకో చోట."

డైరెక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు. "అయితే మొహమాటం లేకుండా మాట్లాడతాను. ఫ్రిజ్‌లో చోటు లేక మన టీకా అసలు చేరని కేంద్రాలు ఉన్నాయని మాకు చెప్పింది మీరే. సన్నపెట్టె ఆగితే ఇంకో ఏడాది వాళ్ళకి చేరదు. జారి పాడయ్యేవి కొన్ని సీసాలు. అసలు వెళ్ళనివి ఎన్నో. లెక్క ఎటు మొగ్గుతుంది?"

అది మంచి ప్రశ్నేనని ఆవిడకు తెలుసు. బట్టీల దగ్గర్నుంచి వచ్చిన రోజు నుంచీ ఆవిడ తనను తాను అడుగుతున్న ప్రశ్న కూడా అదే.

"టీకా రాకపోతే రాలేదని తల్లికి తెలుస్తుంది సార్. మళ్ళీ వస్తుంది, అడుగుతుంది, కావాలంటే తిడుతుంది. పాడైన టీకా వేయించుకున్న తల్లి అయిపోయిందనుకుని ఇంటికి వెళ్ళిపోతుంది. ఇక ఎప్పటికీ అడగదు. మనకీ తెలియదు. మా వదిన వెనక్కి వెళ్ళి వెతుక్కుంది కాబట్టి ఆ పిల్లలకి మళ్ళీ పడింది. ఊరూరా ఎవరు వెతుకుతారు?"

డైరెక్టరు ఒక సన్నపెట్టె తీసుకుని చెవి తెరిచి మూశాడు.

"చోటు సంగతి?"

"పాత పెట్టెలే పంపుదాం, కానీ తక్కువ తక్కువగా, ఎక్కువసార్లు. లారీ ఖర్చు పెరుగుతుంది. ఫ్రిజ్‌లో చోటు లేని కేంద్రాలకి పక్క కేంద్రం నుంచి క్యారియర్‌లో వెళ్ళేలా చూడమని కొనేవాళ్ళని అడుగుదాం. అందరికీ అందుతుందని అనను. కొందరికైనా అందుతుంది."

"మీకు తెలుసు కదా మేడం" అన్నాడు డైరెక్టరు మెల్లగా. "పీట పెట్టె బయటికి వెళ్ళేనాటికి మీరు ఇక్కడ ఉండరు. సన్నపెట్టె వెళ్ళదు. అంటే మీరుండగా ఏదీ వెళ్ళదు. ఇంకో వారం ఆలోచించుకోండి. నేను తేదీ జరుపుతాను."

ఆవిడ తన ముందున్న కాగితాలు సరిచేసి, పెన్ను మూత పెట్టింది.

"వారం అక్కర్లేదు సార్. సన్నపెట్టె మీద నేను సంతకం పెట్టడం లేదు. పాత పెట్టెలు అచ్చు మొదలుపెట్టమని ప్రెస్సుకి ఇవాళే చెబుతాను. పీట పెట్టెకి పరీక్షలు సోమవారం నుంచి మొదలవుతాయి."